రెపో రేటు హోమ్ లోన్ రివ్యూ: కాగితాల్లోని మాటలతో సహా

50 లక్షల హోమ్ లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకోండి. ఈఎంఐ 43,391 రూపాయలు వస్తుంది. మొదటి నెల కట్టే ఆ సొమ్ములో 35,417 వడ్డీకి పోతుంది, అసలుకు జమయ్యేది 7,974. ఐదేళ్లపాటు ఒక్క వాయిదా తప్పకుండా కడితే చేతి నుంచి వెళ్లేది 26 లక్షల పైనే, అప్పు తగ్గేది మాత్రం 5.94 లక్షలు. ఇందులో మోసం లేదు. మిగిలున్న అసలు మీద ఆ నెల వడ్డీ తీసుకుని, పోగా మిగిలింది అసలుకు జమ చేసే పద్ధతి ఇలాగే నడుస్తుంది. కానీ బేరమంతా ప్రకటనలో కనిపించే వడ్డీ శాతం చుట్టూనే తిరగడం వల్ల, సంతకం పెట్టేముందు ఈ లెక్క చూసుకునేవాళ్లు తక్కువ.

ఇక్కడ రివ్యూ చేస్తున్నది ఏ ఒక్క బ్యాంకు లోన్‌నో కాదు, రెపో రేటుతో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుతో, ముడిపడిన ఫ్లోటింగ్ (మధ్యలో మారుతుండే) రేటు హోమ్ లోన్‌ని. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణాలను బయటి ప్రామాణిక రేటుకే ముడిపెట్టాలని ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. ఎక్కువ బ్యాంకులు రెపోనే ఎంచుకున్నాయి. కాబట్టి సరుకు దాదాపు ఒకటే. తేడాలు శాంక్షన్ లెటర్‌లో (లోన్ మంజూరు పత్రం), కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (లోన్ ముఖ్య షరతుల పత్రం) ఉండే పది పదిహేను మాటల్లో దాగి ఉంటాయి. తీర్పు ముందే చెప్పేస్తాం: సొంతిల్లు కొనుక్కునేవాళ్లకు మామూలుగా దొరికే అప్పుల్లో ఇదే మంచిది. 5కి 4 ఇస్తున్నాం. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించామో గడువు దగ్గర చెబుతాం.

రేటులో రెండు ముక్కలు

రెపో 5.5 శాతం ఉన్నప్పుడు మీకు 8 శాతానికి లోన్ ఇచ్చారంటే మిగతా 2.5 బ్యాంకు కలుపుకున్న స్ప్రెడ్. రెపో ఆర్‌బీఐ చేతిలో ఉంటుంది, పెరిగినా తగ్గినా అందరికీ ఒకేలా వర్తిస్తుంది. మీరు బేరమాడగలిగేది స్ప్రెడ్ ఒక్కటే. స్ప్రెడ్‌లోనూ రెండు భాగాలున్నాయి. ఒకటి మీ క్రెడిట్ స్కోరు, ఆదాయం చూసి వేసే రిస్కు ప్రీమియం. మీ క్రెడిట్ అంచనాలో గట్టి మార్పు వస్తే తప్ప బ్యాంకు దీన్ని ముట్టుకోకూడదు. రెండోది బ్యాంకు ఖర్చులు, లాభం వగైరా. దీన్ని మూడేళ్లకోసారే మార్చాలన్నది నియమం. తగ్గించడానికైతే అంతదాకా ఆగక్కర్లేదని 2025 అక్టోబరు 1 నుంచి సడలింపు ఇచ్చారు.

దీనివల్ల పాత ఖాతాదారుల విషయంలో ఒక చిక్కు వస్తుంది. పోటీ పెరిగి బ్యాంకు కొత్తవాళ్లకు స్ప్రెడ్ తగ్గించినా, పాత లోన్ పాత స్ప్రెడ్ మీదే నడుస్తుంటుంది. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఏడాదికోసారి బ్యాంకు వెబ్‌సైట్‌లో కొత్త లోన్ల రేటు చూసి, మీ స్టేట్‌మెంట్‌లో ఉన్నదాంతో పోల్చుకోండి. పావు శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే కన్వర్షన్ (అదే బ్యాంకులో పాత లోన్‌ను కొత్త రేటుకు మార్చడం) కోసం దరఖాస్తు పెట్టండి. కొంత ఫీజు ఉంటుంది. మిగిలిన అసలు 44 లక్షలైతే అర శాతం తేడా మొదటి ఏడాదే దాదాపు 22,000 రూపాయలు, కాబట్టి ఫీజు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో ఇట్టే తేలిపోతుంది. వేరే బ్యాంకుకు మారడం, అంటే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, ఆ తరువాతి మాట. అందులో లీగల్, వాల్యుయేషన్, తనఖా ఖర్చులు మళ్లీ మొదటి నుంచీ పడతాయి.

రీసెట్ అంటే రెపో మార్పు మీ ఖాతాకు వచ్చే తేదీ. బ్యాంకులైతే మూడు నెలలకోసారైనా చేయాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ బయటి ప్రామాణిక నిబంధన లేదు. వాళ్లు సొంత ప్రైమ్ లెండింగ్ రేటు మీద నడుస్తారు, దాన్ని ఎప్పుడు ఎంత తగ్గించాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. రెండుచోట్లా ఒకే శాతం చెబితే బ్యాంకు వైపే మొగ్గండి. పత్రాల్లో చిన్న లొసుగులున్న ఆస్తులకు, ఆదాయం కాగితం మీద పూర్తిగా చూపలేని వ్యాపారులకు ఫైనాన్స్ కంపెనీలు అక్కరకొస్తాయన్నదీ నిజమే.

గడువు పొడిగింపు: అసలు లోపం ఇక్కడుంది

రేటు పెరిగినప్పుడు బ్యాంకు ముందు రెండు దారులుంటాయి. ఈఎంఐ పెంచొచ్చు, లేదా ఈఎంఐ అలాగే ఉంచి నెలలు పెంచొచ్చు. బ్యాంకులు అలవాటుగా రెండోది చేస్తాయి. ఖాతాలో కోత మారదు కాబట్టి ఖాతాదారుకు తెలియదు కూడా.

పై ఉదాహరణనే తీసుకుందాం. లోన్ మొదట్లోనే 8.5 కాస్తా 8.75 అయింది. ఈఎంఐ పెంచుకుంటే 44,186 అవుతుంది, నెలకు 795 రూపాయలు ఎక్కువ. 240 నెలలకు అదనంగా కట్టేది 1.91 లక్షలు. అదే గడువు పెంచితే 240 నెలలు 252 దాటుతాయి. అంటే పన్నెండున్నర నెలల పాటు 43,391 చొప్పున, సుమారు 5.4 లక్షలు. పావు శాతానికే ఇంత తేడా.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. అప్పటికి కొద్దిగా ముందు 7 శాతానికి 20 ఏళ్లకు 50 లక్షలు తీసుకున్నవారి ఈఎంఐ 38,765. రేటు 9.5 అయ్యేసరికి 50 లక్షల మీద నెల వడ్డీయే 39,583. కట్టే వాయిదా వడ్డీకే చాలదు, ఇక గడువు ఎన్నేళ్లు పెంచినా అప్పు తీరదు. దీన్నే నెగెటివ్ అమార్టైజేషన్ అంటారు. 

ఈ అనుభవం తరువాతే 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ కొత్త ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు ఖాతాదారుకు చెప్పాలి. ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెం చేయాలా అన్నది ఖాతాదారు ఎంచుకునే వీలుండాలి. గడువు పెంచినా నెగెటివ్ అమార్టైజేషన్‌లోకి పోకూడదు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ, ఇంకా మిగిలిన వాయిదాల సంఖ్య, వార్షిక రేటు ఉండాలి. ఈ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడు ఒక్క అంకె చూస్తే చాలు: మిగిలిన వాయిదాలు. మూడు నెలల కిందట 228 ఉంటే ఇప్పుడు 225 ఉండాలి. 231 కనిపిస్తే గడువు పెరిగినట్టు. వెంటనే బ్రాంచికి మెయిల్ పెట్టి ‘గడువు పాతదే ఉంచి ఈఎంఐ సవరించండి’ అని రాయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగా ఉండాలి.

కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్: ఈ సరుకులో మాకు బాగా నచ్చిన భాగం

2024 అక్టోబరు 1 నుంచి ప్రతి కొత్త రిటైల్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వడం తప్పనిసరి. ఒప్పందం యాభై పేజీలున్నా దీన్ని అర గంటలో చదవొచ్చు. ఖాతాదారుకు అర్థమయ్యే భాషలో రాసి ఉండాలని, అందులోని విషయాలు వివరించి చెప్పాలని నిబంధనలోనే ఉంది. కాబట్టి తెలుగులో కావాలని అడగండి, మొహమాటపడాల్సిన పని లేదు. ఇచ్చిన తరువాత కనీసం మూడు పనిదినాలు అందులోని షరతులు చెల్లుబాటులో ఉండాలి. ‘ఈ రోజే సంతకం పెట్టకపోతే రేటు పోతుంది’ అని ఎవరైనా తొందరపెడితే ఈ మూడు రోజుల మాట గుర్తుచేయండి.

అందులో మొదట చూడాల్సింది ఏపీఆర్, అంటే వార్షిక శాతం రేటు. వడ్డీతోపాటు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, బ్యాంకు వసూలు చేసి వేరేవాళ్లకు కట్టే బీమా లాంటివన్నీ కలిపి లెక్కగట్టిన అంకె అది. వడ్డీ 8.4 చెప్పిన బ్యాంకు ఏపీఆర్, 8.5 చెప్పిన బ్యాంకు ఏపీఆర్ కన్నా ఎక్కువ ఉండొచ్చు. రెండు బ్యాంకులను పోల్చేటప్పుడు గడువు, మొత్తం ఒకటేనా అని సరిచూసుకుని ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టండి. స్టేట్‌మెంట్‌లో లేని చార్జీని మధ్యలో మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు. ‘ఇతర చార్జీలు వర్తిస్తాయి’ అని మాత్రమే రాసి ఉంటే ఎంతెంతో అంకెలు వేయించుకోండి.

బీమా దగ్గర కాస్త ఆగాలి. లోన్‌తోపాటు సింగిల్ ప్రీమియం లోన్ ప్రొటెక్షన్ పాలసీ జోడించి, ప్రీమియం కూడా లోన్‌లోనే కలపడం మామూలైపోయింది. ప్రీమియం 1.5 లక్షలనుకోండి, 8.5 శాతానికి 20 ఏళ్లలో దానికోసం కట్టేది 3.12 లక్షలు. అప్పున్న మనిషికి జీవిత బీమా కచ్చితంగా ఉండాలి, అందులో రెండో మాట లేదు. అయితే విడిగా టర్మ్ పాలసీ తీసుకుంటే లోన్ వేరే బ్యాంకుకు మారినా, ముందే తీరిపోయినా కవర్ అలాగే ఉంటుంది, అప్పు తగ్గేకొద్దీ కవర్ తగ్గదు. లోన్ ఇవ్వాలంటే బ్యాంకు చెప్పిన పాలసీయే కొనాలన్న ఆర్‌బీఐ నిబంధన ఏదీ లేదు.

ఎంత ఇస్తారు, ఎంత చేతిలో ఉండాలి

లోన్ టు వాల్యూ అంటే ఆస్తి విలువలో బ్యాంకు ఇవ్వగలిగే గరిష్ఠ వాటా. లోన్ 30 లక్షల వరకైతే 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80, ఆపైన 75 శాతం. ఇది పైకప్పు మాత్రమే, మీ ఆదాయాన్ని బట్టి ఇంకా తగ్గొచ్చు. ఇందులో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను విలువలో కలపరు. ఇల్లు 10 లక్షల లోపైతేనే మినహాయింపు. తెలుగు రాష్ట్రాల్లో ఇవన్నీ కలిపి సుమారు 7.5 శాతం. 80 లక్షల ఫ్లాట్‌కు లోన్ 64 లక్షలు వచ్చినా, సొంత వాటా 16 లక్షలతోపాటు మరో 6 లక్షలు చేతిలో ఉండాలి. ఇంకా కడుతున్న ఫ్లాటైతే జీఎస్టీ మామూలుగా 5 శాతం, ఇంకో 4 లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయి నివాసానికిచ్చే అనుమతి పత్రం) వచ్చాక అమ్మేవాటికి జీఎస్టీ ఉండదు. 50 లక్షలు, ఆపై విలువైతే అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాల్సిన బాధ్యత కొనేవారిదే. రెండోది, బ్యాంకు వాల్యుయేషన్, అగ్రిమెంట్ ధర రెండింట్లో ఏది తక్కువో దానిమీదే లెక్క వేస్తారు. అగ్రిమెంట్‌లో తక్కువ రాసి మిగతాది చేతికిచ్చే బేరానికి ఒప్పుకుంటే లోన్ కూడా ఆమేరకు తగ్గిపోతుంది. ఆ డబ్బుకు రేపు సాక్ష్యమూ ఉండదు.

ధర సంగతికొస్తే కార్పెట్ ఏరియా అనే మాట పట్టుకోండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఇది ఫ్లాట్ లోపల వాడుకోగలిగే నికర స్థలం. లోపలి అడ్డుగోడలు లెక్కలోకి వస్తాయి, బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ రావు. 1,500 చదరపు అడుగులని చదరపు అడుగు 6,000 చొప్పున అమ్మిన ఫ్లాట్‌లో కార్పెట్ ఏరియా 1,050 అయితే, కాలు పెట్టే చోటుకు మీరు కట్టేది చదరపు అడుగుకు 8,571. రెండు ప్రాజెక్టులను పోల్చడానికి ఇదే సరైన కొలత. దాని పక్కనే యూడీఎస్, అంటే భూమిలో మీ పేరిట రాసే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో సేల్ డీడ్‌లో అంకెతో ఉండాలి. భవనం పాతబడేకొద్దీ విలువ నిలబెట్టేది అదే. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ ఆఫ్ సేల్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదన్నదీ రెరా నియమమే.

విడతలు, ప్రీ-ఈఎంఐ

కడుతున్న ఫ్లాట్‌కు లోన్ ఒకేసారి ఇవ్వరు, శ్లాబులు లేచేకొద్దీ విడతలుగా బిల్డర్‌కు ఇస్తారు. కట్టని ప్రాజెక్టులకు మొత్తం ముందే ఇచ్చేయొద్దని 2013లోనే ఆర్‌బీఐ చెప్పింది. ఇచ్చినంత మేరకు నెలనెలా కట్టే వడ్డీని ప్రీ-ఈఎంఐ అంటారు. 20 లక్షలు విడుదలైతే 8.5 శాతానికి నెలకు 14,167. ఇందులో ఒక్క రూపాయి కూడా అసలుకు పోదు, 20 ఏళ్ల లెక్క ఇంకా మొదలే కాలేదు. నిర్మాణం రెండేళ్లు ఆలస్యమైతే ఒకవైపు ఇంటి అద్దె, మరోవైపు ప్రీ-ఈఎంఐ, రెండూ భరించాలి. స్థోమత ఉంటే మొదటి విడత నుంచే పూర్తి ఈఎంఐ మొదలుపెట్టమని అడగండి, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి.

పాత ఇల్లు కొనేవాళ్లు ఇంకోటి గమనించాలి. రిజిస్ట్రేషన్ రోజుకని చెక్కు ముందే సిద్ధం చేస్తారు, రిజిస్ట్రేషన్ వారం వాయిదా పడుతుంది. చెక్కు మీది తేదీ నుంచి కాక, అది చేతికిచ్చిన రోజు నుంచే వడ్డీ లెక్కించాలి. చెక్కు తేదీ నుంచి వడ్డీ వేయడం, నెల మధ్యలో ఇచ్చి నెలంతటికీ వేయడం సరికాదని 2024 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. మొదటి నెల స్టేట్‌మెంట్‌లో రోజులు లెక్కపెట్టుకోండి.

ముందస్తు చెల్లింపు

ఈ సరుకును మిగతావాటికన్నా పైన నిలబెట్టేది ఇదే. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్ మీద ప్రీపేమెంట్ చార్జీ లేదు, ముందుగా మూసేసినా లేదు. మొదటి ఏడాది చివర అదనంగా 1 లక్ష కడితే, పై ఉదాహరణలో మిగిలిన 228 నెలలు 217కు తగ్గుతాయి. 11 వాయిదాలు, అంటే దాదాపు 4.8 లక్షలు కట్టే పని తప్పుతుంది. అదే లక్ష పదిహేనో ఏట కడితే ప్రయోజనం చాలా తక్కువ. కట్టిన తరువాత ‘గడువు తగ్గించండి’ అని రాసివ్వడం మరిచిపోవద్దు. ఏమీ చెప్పకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించి గడువు అలాగే ఉంచుతారు. ఫిక్స్‌డ్ రేటు లోన్లకు చార్జీ ఉండొచ్చు, పైగా వాటిలో చాలావరకు రెండు మూడేళ్ల తరువాత రేటు మార్చే క్లాజు ఉంటుంది. ఆ పేజీ చదవకుండా ఫిక్స్‌డ్ అన్న పేరు చూసి తీసుకోకండి.

తనఖా, ఈసీ, చివరికి పత్రాలు వెనక్కి

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అంటే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక. ‘నిల్ ఈసీ’ (లావాదేవీలేవీ లేవని వచ్చిన ఈసీ) చూసి ధీమా పడటం ప్రమాదం. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వారసుల తగాదాలు, పన్ను బకాయిలు అందులో కనిపించవు. అందుకే లింకు డాక్యుమెంట్లన్నీ (ఆస్తి గతంలో చేతులు మారిన పాత దస్తావేజులు) వరసగా చూసి లాయరు లీగల్ ఒపీనియన్ ఇస్తారు. బ్యాంకు లాయరు ఒపీనియన్ బ్యాంకు కోసం రాసింది. ఒక కాపీ అడిగి తీసుకోండి, వీలైతే సొంత లాయరుకూ చూపించండి.

ఎంఓడీ అంటే ఒరిజినల్ సేల్ డీడ్‌ను బ్యాంకులో డిపాజిట్ చేసి తనఖా పెట్టినట్టు రాసే పత్రం. ఇది రిజిస్టరైతే ఈసీలో అప్పు కనబడుతుంది. ఇదే తనఖా సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీలోనూ నమోదవుతుంది. పత్రాలు అప్పగించేటప్పుడు ఏ డాక్యుమెంటు, ఎన్ని పేజీలు, ఒరిజినలా కాపీయా అని జాబితా రాయించి బ్యాంకు ముద్రతో రసీదు తీసుకోండి. ఇరవై ఏళ్ల తరువాత ఆ రసీదే ఆధారం. వాయిదా తప్పితే వేసేది పీనల్ చార్జీగానే ఉండాలి, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వేయకూడదు. 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తరువాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసుతో ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంటుంది. కాబట్టి ఇబ్బంది వస్తే రెండో వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లి మాట్లాడండి.

లోన్ తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. ఈ నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. పత్రాలు చేతికొచ్చాక కూడా పని కొంత మిగిలే ఉంటుంది. నో డ్యూస్ లెటర్ తీసుకోండి. ఎంఓడీ రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని రద్దు కూడా రిజిస్టర్ చేయించండి, సెర్సాయిలో తనఖా తొలగించమని బ్యాంకును అడగండి. నెల తరువాత కొత్త ఈసీ తీయించి చూడండి. రద్దు నమోదు అందులోకి ఎక్కిందంటే ఆస్తి మీద భారం దిగిపోయినట్టే.